"మా కోడలికి రోజంతా తన ధ్యాసే" అంటున్న ఒక అత్తగారికి

ప్రశ్న: మాది తెనాలి. మా అబ్బాయి అట్లాంటా దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ల కింద ఇక్కడి ఆఫ్రికన్ అమెరికన్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. మొదట్లో బాధపడ్డాం, ఇప్పుడేం లేదు. పిల్ల మంచిది, స్కూల్లో టీచరు, నన్ను అమ్మా అనే పిలుస్తుంది. ఇప్పుడు ఏడో నెల. పురుడు పోద్దామని నేనొక్కదాన్నే వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ఆ పిల్లకి తనని తాను చూసుకోవడంతోనే సరిపోతోంది. తెల్లారకముందే లేచి కిటికీ దగ్గర బైబిలు, నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంటుంది, అప్పుడు పలకరించకూడదట. తర్వాత స్నేహితురాళ్లతో నడక. గురువారం సాయంత్రం గది తలుపేసుకుని ల్యాప్‌టాప్‌లో ఎవరితోనో గంటసేపు మాట్లాడుతుంది, థెరపీ అంటాడు మావాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక సగం రోజు జుట్టుతోనే. కొబ్బరినూనె రాస్తానంటే వద్దంది. ఆవకాయ ముట్టదు. మొన్న మా చుట్టాలు చూడ్డానికి వస్తామంటే "ఈ వారం వద్దు, అలసిపోయాను" అని మొహం మీదే చెప్పేసింది. నేను ముగ్గుర్ని కన్నాను, ఒక్కనాడు ఇలా కూర్చున్నది లేదు. నన్ను దూరం పెడుతోందా? అసలు నేనిక్కడ చేయాల్సిన పనేంటి?

జవాబు:

అమ్మా, మీ కోడలు మిమ్మల్ని దూరం పెట్టడం లేదు. ముందు ఆ టెన్షన్ తీసి పక్కన పెట్టండి. దూరం పెట్టే మనిషైతే అలసిపోయానని ఉన్నమాట చెప్పదు, ఏదో సాకు చెప్పి నవ్వుతూ తప్పించుకుంటుంది. అత్తగారి ముందు అలసిపోయానని అనగలుగుతోందంటే మీ దగ్గర ఆ పిల్లకి ఎంతో కొంత చనువు ఏర్పడినట్టే. ఇక మీ రెండో ప్రశ్న, నేనిక్కడ చేయాల్సిన పనేంటని అడిగారే, అది అసలైన ప్రశ్న. చాలా పనుంది మీకు. కానీ అది వంటింట్లో పని కాదు, మీరు అనుకుని వచ్చిన పనీ కాదు. అది చెప్పాలంటే ఆ అమ్మాయి ఎలాంటి చోట పుట్టి పెరిగిందో కొంచెం చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 2023లో ఈ దేశంలో పుట్టిన ప్రతి లక్షమంది బిడ్డలకు, గర్భం, ప్రసవం కారణంగా చనిపోయిన తల్లులు తెల్లజాతివాళ్లలో 14.5 మంది, నల్లజాతివాళ్లలో 50.3 మంది. మూడు రెట్ల పైన. ఇన్ని పెద్ద ఆస్పత్రులున్న దేశంలో. చదువు లేకపోవడం వల్లనో డబ్బు లేకపోవడం వల్లనో అని మనకి వెంటనే అనిపిస్తుంది, కానీ అదీ కాదు. కాలేజీ చదువు పూర్తి చేసిన నల్లజాతి తల్లికి కూడా, హైస్కూలు దాటని తెల్లజాతి తల్లి కంటే ఎక్కువ ప్రమాదం ఉందని అదే సంస్థ లెక్కల్లో తేలింది. మీ కోడలు టీచరు, మీవాడికి మంచి ఉద్యోగం, ఇన్సూరెన్స్ ఉంది, అయినా ఆ అమ్మాయి మనసులో ఈ భయం ఉండే ఉంటుంది. మీకు చెప్పి ఉండదు, అంతే.

సెరీనా విలియమ్స్ పేరు మీరు వినే ఉంటారు, టెన్నిస్ ఆడే ఆవిడ. 2017లో ఆవిడకి ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. మర్నాడు ఊపిరి ఆడటం కష్టమైంది. అంతకుముందు ఒకసారి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టిన మనిషి కాబట్టి ఇదేంటో తనకే తెలుసు, నర్సుని పిలిచి సీటీ స్కాన్ తీయండి, రక్తం పలచబడే మందు పెట్టండి అని తనే చెప్పింది. నొప్పి మందుల మత్తులో ఏదో మాట్లాడుతోందనుకుంది ఆ నర్సు. డాక్టరు వచ్చి ముందు కాళ్లకి అల్ట్రాసౌండ్ చేశాడు, ఏమీ కనబడలేదు. చివరికి స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు ఉన్నాయి. ఇదంతా ఆవిడే తర్వాత బయటపెట్టింది. ప్రపంచంలో ఎవర్నడిగినా పేరు చెప్పే మనిషి, తన ఒంటి గురించి డాక్టర్లకి సమానంగా తెలిసిన మనిషి, ఆవిడ మాటే ఒక పట్టాన నమ్మలేదంటే స్కూలు టీచరు మాట ఎవరు వింటారని ఇక్కడి నల్లజాతి ఆడవాళ్లు అనుకోవడంలో తప్పేముంది?

ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు. మీరున్న చోటి నుంచి కారులో రెండున్నర గంటలు వెళ్తే అలబామాలో మోంట్‌గోమరీ అనే ఊరు. 1840ల్లో అక్కడ మారియన్ సిమ్స్ అనే డాక్టరు, బానిసలుగా ఉన్న నల్లజాతి స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేసి స్త్రీల వైద్యంలో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. వాళ్లలో ముగ్గురి పేర్లు మాత్రమే మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. న్యూయార్క్‌లో ఆయన విగ్రహం 2018 దాకా నిలబడే ఉంది. నల్లవాళ్లకి నొప్పి తక్కువ, చర్మం మందం అన్న నమ్మకాలు అప్పటివి, కానీ 2016లో వర్జీనియా యూనివర్సిటీవాళ్లు తెల్లజాతి వైద్య విద్యార్థుల్నీ, జూనియర్ డాక్టర్లనీ అడిగితే దాదాపు సగం మంది ఇలాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒక్కటైనా నిజమేనన్నారు. డాక్టర్లు కాబోతున్నవాళ్లు!

దీనికి తోడు రోజూ పడే ఒత్తిడి. ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో ఒక మాట చెప్పారు, అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు: ఏళ్ల తరబడి వివక్షని తట్టుకుంటూ బతికితే ఆ ఒత్తిడి ఒంటిని లోపల్నుంచి అరగదీస్తుంది, వయసు కంటే ముందే శరీరం ముసలిదైపోతుంది అని. ఇప్పుడు ఆ మాట ఒప్పుకుంటున్నవాళ్లు చాలామంది. ఈ దేశంలో నల్లజాతి పెద్దవాళ్లలో సగం మందికి పైగా బీపీ ఉంది. అందుకే మీ కోడలు ఆవకాయ ముట్టడం లేదమ్మా, మీ చేతి వంట నచ్చక కాదు.

ఇప్పుడు ఆ అమ్మాయి దినచర్య మళ్లీ చూడండి. పొద్దున్నే ఎవరూ లేవకముందు తనకంటూ ఓ పావుగంట, ప్రార్థన, మనసులోది కాగితం మీద పెట్టడం. మన ఇళ్లలో అమ్మమ్మలు దేవుడి గదిలో కూర్చున్నంతసేపూ ఎవరం పలకరించేవాళ్లం కాదు కదా, ఇక్కడా పలకరించకండి. తర్వాత నడక. ఆ నడక వెనకాల కూడా కథ ఉంది. 1983లో బిల్లీ ఏవరీ అనే ఆవిడ పూనుకుని, ఇదే అట్లాంటాలో స్పెల్మన్ కాలేజీలో, నల్లజాతి స్త్రీల ఆరోగ్యం గురించి మొట్టమొదటి జాతీయ సదస్సు పెట్టించింది. దేశం నలుమూలల నుంచీ ఆడవాళ్లు వచ్చి, బీపీ గురించీ షుగర్ గురించీ ఇంట్లో పడే దెబ్బల గురించీ జనం ముందు నోరు విప్పారు. తర్వాత 2010లో మోర్గన్ డిక్సన్, వెనెస్సా గారిసన్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు గర్ల్‌ట్రెక్ అని మొదలుపెట్టారు. అందులో ఉండేది ఒకటే పని, రోజూ అరగంట బయట నడవడం, వీలైతే పక్కింటావిడని కూడా కలుపుకుని నడవడం. జిమ్ముకి డబ్బు అక్కర్లేదు, బూట్లుంటే చాలు. ఇప్పుడు దాని పేరు చెప్పుకుని నడిచేవాళ్లు లక్షల్లో ఉన్నారు. మీ కోడలు ఆ సంస్థలో ఉందో, ఊరికే స్నేహితురాళ్లతో వెళ్తోందో నాకు తెలియదు, ఎలా వెళ్లినా ఆ గుంపులో తను చెప్పేది నమ్మే మనుషులు నలుగురు ఉంటారు, బిడ్డల్ని కన్నవాళ్లుంటారు, ఏ డాక్టరు వింటాడో ఏ డాక్టరు వినడో చెప్పేవాళ్లుంటారు. అరగంట నడకలో ఒంటికెంత మేలో మనసుకీ అంతే మేలు. ఒకరోజు నేనూ రానా అని అడగండి. రమ్మంటే వెళ్లండి, ఇవాళ వద్దులే అంటే నొచ్చుకోకండి.

థెరపీ అంటే మనసులో బరువుని ఆ పని తెలిసిన నిపుణులతో మాట్లాడి దించుకోవడం. దాని గురించి మీకు కంగారుగా ఉంటుంది, ఇంటి సంగతులు బయటివాళ్లతో చెబుతోందేమో అని. ఆమెకి పిచ్చీ లేదు, మీ మీద ఫిర్యాదూ లేదు. చిన్నప్పట్నుంచీ నల్లజాతి ఆడపిల్లలు వినే మాట ఒకటుంది: నువ్వు గట్టిదానివి, నీకేం కాదు, నువ్వు తట్టుకుంటావు. మా అమ్మ తట్టుకుంది, అమ్మమ్మ తట్టుకుంది, నేను ఏడిస్తే ఎలా అని అన్నీ లోపలే దాచుకుని నవ్వుతూ తిరుగుతారు, ఆఫీసులో కాస్త గట్టిగా మాట్లాడితే "కోపిష్టిది" అనే ముద్ర వేస్తారని గొంతు కూడా తగ్గించుకుంటారు. ఆ బరువంతా ఎక్కడో ఒకచోట దించాలి కదా. అలా దించుకోవడం సిగ్గుపడే పని కాదని చెప్పి, తమలాంటి ఆడవాళ్లకి తమ బాధ తెలిసిన థెరపిస్టులు దొరికేలా చేయాలని జాయ్ హార్డెన్ బ్రాడ్‌ఫోర్డ్ అనే సైకాలజిస్టు ఈ అట్లాంటాలోనే పెద్ద ప్రయత్నం చేశారు. కాబట్టి గురువారం ఆ గంటసేపు మీరు టీవీ సౌండు తగ్గించి, మీ అబ్బాయిని కూడా తలుపు కొట్టనివ్వకండి. బయటికొచ్చాక ఏం మాట్లాడావని అడగకండి. అడగాల్సింది ఒకటే, అన్నం పెట్టనా అని.

మీరు రాసిన ఇంకో మాట నా మనసులో ఉండిపోయింది: ముగ్గుర్ని కన్నాను, ఒక్కనాడు ఇలా కూర్చున్నది లేదు. కూర్చోనివ్వలేదమ్మా మిమ్మల్ని. బాలింతగా ఉండగానే పొయ్యి దగ్గరికి వెళ్లి ఉంటారు, నడుం నొప్పి అప్పట్నుంచే మొదలై ఉంటుంది, అది కష్టమని ఎవరూ అనలేదు కాబట్టి మీరూ అనుకోలేదు. మీకు దొరకనిది ఆ పిల్లకి దొరుకుతుంటే లోపల ఎక్కడో కలుక్కుమనడం సహజం, తప్పేం కాదు. కానీ ఆ నొప్పిని కోడలి మీదికి మళ్లించకండి.

ఇక జుట్టు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బాగా ఉంగరాలు తిరిగిన జుట్టులో తలమీద ఊరే నూనె చివరిదాకా జారదు, మెలికల్లోనే ఆగిపోతుంది, అందుకే ఆ జుట్టు త్వరగా ఎండిపోతుంది, పొడిగా ఉన్నప్పుడు దువ్వితే పుటుక్కున తెగుతుంది. రోజూ తలస్నానం పనికిరాదు. వారానికో పదిరోజులకో ఒకసారి కూర్చుని, జుట్టుని పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టి, ఒక్కో పాయకీ కండిషనర్ పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో కింద చివర్ల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి చిక్కు తీసుకుంటూ రావాలి. తర్వాత కడగాలి, మళ్లీ క్రీము రాయాలి, ఆ తడి పోకుండా పైన కాస్త నూనె, ఆపైన పాయ పాయనీ మెలితిప్పాలి. మూడు నాలుగు గంటలు ఊరికే గడిచిపోతాయి. రాత్రి తలకి పెట్టుకునే ఆ శాటిన్ టోపీ కూడా షోకు కాదు, నూలు దిండు తడిని పీల్చేసి జుట్టుని తెంపేస్తుంది కాబట్టి. మన ఇళ్లలో ఆదివారం కుంకుడుకాయ పులుసుతో తలంటు ఎంత తతంగమో తెలుసుగా, మీ కోడలి ఆదివారం కూడా అలాంటిదే అనుకోండి.

పైగా ఈ జుట్టు వల్ల ఉద్యోగాలు పోయినవాళ్లున్నారు, జడలు వేసుకున్నారని స్కూల్లోంచి పంపేసిన పిల్లలున్నారు. దీని మీద ఏకంగా చట్టం చేయాల్సి వచ్చింది, 2019లో ముందుగా కాలిఫోర్నియా చేసింది. 2011లో దేశానికి సర్జన్ జనరల్‌గా, అంటే జనం ఆరోగ్యం గురించి ప్రభుత్వం తరఫున చెప్పే పెద్ద డాక్టరుగా ఉన్న రెజీనా బెంజమిన్, ఆవిడా నల్లజాతి డాక్టరే, అట్లాంటాలో జుట్టు అలంకరణవాళ్ల పెద్ద ప్రదర్శనకి వెళ్లి మరీ, చెమటకి జుట్టు పాడవుతుందని వ్యాయామం మానేయకండమ్మా అని ఆడవాళ్లకి చెప్పుకున్నారు. కొందరు ఎగతాళి చేశారు గానీ విషయం తెలిసినవాళ్లకి అర్థమైంది.

అందుకని కొబ్బరినూనె సీసా మళ్లీ పట్టుకెళ్లకండి, అడగకుండా ఆ తల మీద చెయ్యి అసలే వేయకండి. దారిన పోయేవాళ్లు కూడా చనువుగా జుట్టు తాకి చూస్తుంటారు వీళ్లని, దానికి ప్రాణం విసిగిపోయి ఉంటుంది. బదులుగా, ఎనిమిదో నెల దాటాక చేతులు పైకెత్తి అంతసేపు చిక్కు తీసుకోవడం కష్టం, అప్పుడు పక్కన కూర్చుని క్లిప్పులు అందించనా అని అడిగి చూడండి. చాలామంది ప్రసవానికి ముందే సన్నటి జడలు అల్లించుకుంటారు, బిడ్డ పుట్టాక కొన్ని వారాలు తల సంగతి చూసుకోనక్కర్లేకుండా. ఆ రోజు సెలూన్ కుర్చీలో ఐదారు గంటలు కూర్చోవాలి, నడుం పడిపోతుంది. పెరుగన్నం, పళ్లు డబ్బాలో పెట్టి మీవాడి చేత పంపండి, మధ్యలో లేచి నాలుగడుగులు వేయమని చెప్పి పంపండి.

వంట విషయం త్వరగా చెప్పేస్తాను. ఉప్పు తగ్గించండి, పచ్చళ్లూ అప్పడాలూ మీ వరకు ఉంచుకోండి. ఇక్కడ కొలార్డ్ ఆకు దొరుకుతుంది, వాళ్లకి చాలా ఇష్టం, దాన్ని సన్నగా తరిగి పెసరపప్పులో వేసి వండి చూడండి. బొబ్బర్లు, బెండకాయ రెండూ ఈ దేశానికి ఆఫ్రికా నుంచి వచ్చిన పంటలే, కొత్త సంవత్సరం రోజున బొబ్బర్లు తినడం ఇక్కడి నల్లజాతి కుటుంబాల్లో ఆనవాయితీ. బొబ్బర గారెలు తక్కువ నూనెలో చేసి పెట్టండి, వాళ్లమ్మగారు వచ్చిన రోజునైతే ఇంకా బాగుంటుంది. పురిటికి వాళ్లమ్మగారూ వస్తారు కదా, ఆవిణ్ణి కాదని మీరు ముందు నిలబడకండి, ఆవిడకి తెలిసిన పద్ధతులు ఆవిడకున్నాయి. బాలింతకి నీళ్లు తక్కువ ఇవ్వాలనే మన పాత పద్ధతి మాత్రం వద్దే వద్దు, పాలిచ్చే తల్లికి నీళ్లు బాగా కావాలి. పిల్ల దగ్గర సాంబ్రాణి పొగ కూడా వద్దు.

చుట్టాల సంగతి మీరే చూసుకోవాలి, ఈ భారం కోడలి మీద పెట్టకండి. ఈ వారం వద్దు, పిల్ల పుట్టాక మేమే పిలుస్తాం అని ఫోనులో మీరు చెప్పండి. మీ నోటితో చెబితే ఎవరూ ఏమనుకోరు. ఇంకో మాట కూడా మొహమాటం లేకుండా చెబుతున్నాను. పుట్టబోయే బిడ్డ రంగు గురించి తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఎవరో ఒకరు అంటారు, ఎవరి పోలికో, ఏ రంగో, కుంకుమపువ్వు పాలు తాగించారా అని. ఆ అమ్మాయికి తెలుగు రాకపోవచ్చు, మొహాలు చదవడం వచ్చు, జీవితమంతా అదే చదువుతూ వచ్చింది. మొదటిసారే ఆపేయండి. "మా ఇంట్లో ఆ మాట వద్దు" అని గట్టిగా అనండి, పెద్దవాళ్లైనా సరే. ఆ ఒక్క మాట మీ కోడలి చెవిన పడితే మీరు ఎన్ని నెలలు వండి పెట్టినా రానంత దగ్గరితనం వస్తుంది.

ఇప్పుడు అసలు పని. గర్భం, ప్రసవం వల్ల జరిగే మరణాల్లో నూటికి 80కి పైగా ఆపగలిగినవే అని సీడీసీ చెబుతోంది, 2017-19 లెక్కల్లో ఆ మొత్తం మరణాల్లో సగానికి పైగా బిడ్డ పుట్టిన వారం తర్వాత నుంచి ఏడాది లోపు జరిగాయి, అంటే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేశాక, అందరూ పిల్ల చుట్టూ తిరుగుతూ తల్లిని మర్చిపోయాక. అప్పుడు ఇంట్లో ఉండేది మీరు. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ఆయాసం, గుండెలో నొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, 100.4 దాటిన జ్వరం, ఇవి కనబడితే "బాలింతలకి మామూలే, పడుకుంటే తగ్గుతుంది" అనకండి. మన నోటికి ఆ మాట ఎంత సులువుగా వస్తుందో మీకూ తెలుసు. ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకోండి. 140/90 దాటితే ఆ రోజే డాక్టరుకి ఫోను, 160/110కి చేరితే ఫోన్లతో పొద్దుపుచ్చకుండా ఆస్పత్రికి, వాళ్ల డాక్టరు ఇంకా ముందే రమ్మంటే ఆ మాట ప్రకారమే. ఆస్పత్రిలో ఆమె బాధ చెబుతుంటే ఎవరైనా తేలిగ్గా తీసేస్తే, మీవాడు పక్కన నిలబడి అదే మాట రెండోసారి, మూడోసారి చెప్పాలి, వేరే డాక్టర్ని పిలవమని అడగాలి, బాలింత ఫలానా నెలలో ప్రసవించిందని కూడా ప్రతిచోటా చెప్పాలి. ప్రసవం అప్పుడు పక్కనుండి ధైర్యం చెప్పడానికి డూలా అని ఒక మనిషిని పెట్టుకుంటారు ఇక్కడ, మీ కోడలు పెట్టుకుంటానంటే ఖర్చెందుకు, నేనున్నాగా అనకండి.

ఊరికే కన్నీళ్లు రావడం, నిద్ర పట్టకపోవడం, బిడ్డని ఎత్తుకోబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే అదీ జబ్బే, మందు ఉన్న జబ్బు. దానికి 1-833-852-6262 అని ప్రభుత్వ నంబరు ఉంది, ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు. తనకి గాని బిడ్డకి గాని ఏమైనా చేసుకుంటుందేమో అన్న అనుమానం వస్తే ఒక్క నిమిషం ఆగకుండా 911కి, అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరుకి ఫోను చేయండి. మీవాడి చేత ఈ నంబర్లూ, డాక్టరు నంబరూ, పైన చెప్పిన లక్షణాలూ తెలుగులో ఒక కాగితం మీద రాయించి ఫ్రిజ్‌కి అంటించండి. మీకు ఇంగ్లీషు ఇబ్బందైతే 911కి ఏం చెప్పాలో, ఇంటి అడ్రసుతో సహా, ముందే బట్టీ పట్టండి.

మీ బీపీ మాత్రల గురించి ఉత్తరంలో రాయలేదు గానీ మన వయసువాళ్లకి ఉండేవే. ఉంటే వెళ్లేదాకా సరిపడా తెచ్చుకున్నారో లేదో ఇవాళే లెక్కచూసుకోండి, కోడలికి చూసేటప్పుడు అదే మిషన్ మీ చేతికీ చుట్టుకోండి. మధ్యాహ్నం తను పడుకున్నప్పుడు మీరూ పడుకోండి, గిన్నెలు మీవాడు తోముతాడు.